గ్రాఫు గీసే క్యాలిక్యులేటర్లు: మార్చే ముందు తూకం

(పాఠశాల ప్లాటినం జూబిలీ సభలో తల్లిదండ్రులను, ఉపాధ్యాయులను, పూర్వ విద్యార్థులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



ఒక తెలుగు మాధ్యమ పాఠశాల డెబ్బది అయిదేళ్ల జీవితంలో గణితపు తరగతి గది ఎన్నో పనిముట్లను చూచి ఉంటుంది. పలకా బలపం, జామెట్రీ పెట్టె, గ్రాఫు కాగితం, సంవర్గమాన పట్టికల పుస్తకం – ఇవన్నీ విద్యార్థి చేతికి వచ్చినవే. వీటన్నింటికీ ఒక సామాన్య గుణం ఉన్నది. ఒక కంపెనీ గ్రాఫు కాగితం మీద పరావలయం గీయడం నేర్చిన పిల్లవాడు మరొక కంపెనీ కాగితం ఇస్తే తడబడడు. ఒక ముద్రణాలయం వేసిన పట్టికలలో 2 యొక్క సంవర్గమానం 0.3010 అయితే, వేరొక ముద్రణాలయపు పట్టికలలోనూ అంతే. పనిముట్టు మారినా నేర్చిన పనితనం చెక్కుచెదరదు.

గ్రాఫు గీసే క్యాలిక్యులేటరు ఈ కోవకు చెందినది కాదు. ఇందులో కంపెనీ మారితే మీటల వరుస మారుతుంది, జాబితాలలోని మాటలు మారుతాయి, కొన్ని సందర్భాలలో ఒకే విధంగా టైపు చేసిన లెక్కకు జవాబే మారుతుంది. అందుచేత ఒక బ్రాండును విడిచి మరొకటి చేపట్టే ముందు ఏమేమి తూచవలెనన్నది ఈనాటి ప్రసంగ విషయం.

తెలుగు మాధ్యమ పాఠశాల వేదికపై ఈ ప్రస్తావన ఎందుకన్న సందేహం కొందరికి కలుగవచ్చు. సి.బి.ఎస్.ఇ. గణిత పరీక్షలలో క్యాలిక్యులేటరు నిషిద్ధం. జె.ఇ.ఇ. పరీక్షలోనూ దానికి ప్రవేశం లేదు. గేట్ పరీక్షలో తెర మీద కనిపించే క్యాలిక్యులేటరునే వాడవలెను. సొంత యంత్రాన్ని తీసుకొని వెళ్లరాదు. అయినా ఈ ప్రశ్న రెండు దారుల వెంట పాఠశాల గుమ్మం దాకా వచ్చింది. విదేశాలలో స్థిరపడిన పూర్వ విద్యార్థుల బిడ్డలు, భారతదేశంలోనే ఇంటర్నేషనల్ బాకలారియేట్ పద్ధతిలో చదువుతున్న పిల్లలు ఈ యంత్రాలను కొనక తప్పని స్థితిలో ఉన్నారు. ఇది మొదటి దారి. జూబిలీ వంటి శుభ సందర్భాలలో పాఠశాలకు ఏదైనా కానుక ఇవ్వదలచిన పూర్వ విద్యార్థుల మనసు తరచుగా ఇటువంటి పరికరాల మీదికే పోతుంది. ఇది రెండవది. మొదటి దారిలో తప్పటడుగు పడితే ఒక పిల్ల పరీక్షా మందిరంలో చేష్టలుడిగి కూర్చుంటుంది. రెండవ దారిలో పడితే ఉదారంగా ఇచ్చిన కానుక బీరువాలో దుమ్ము పట్టిపోతుంది. రెండూ బాధాకరమే.

ముందుగా ఈ యంత్రాల పుట్టుపూర్వోత్తరాలు కొంత తెలుసుకోవలెను. 1972లో హ్యూలెట్-ప్యాకార్డ్ సంస్థ హెచ్‌పీ-35 అనే శాస్త్రీయ క్యాలిక్యులేటరును విడుదల చేసింది. దానికి 35 మీటలు. వెల 395 డాలర్లు. ఇంజనీర్ల జేబులలోని స్లైడు రూలును అటక ఎక్కించిన యంత్రం అదే. గ్రాఫు గీయగల తొలి క్యాలిక్యులేటరును మార్కెట్టుకు తెచ్చిన ఘనత మాత్రం జపాను దేశపు క్యాసియో సంస్థది. 1985లో వచ్చిన ఆ ఎఫ్‌ఎక్స్-7000జీ యంత్రపు తెర మీద అడ్డంగా 96, నిలువుగా 64 చుక్కలు మాత్రమే ఉండేవి. 1987లో హ్యూలెట్-ప్యాకార్డ్ వారి హెచ్‌పీ-28సీ అక్షరాలతో కూడిన బీజగణితాన్ని కూడా చేయడం మొదలుపెట్టింది. 1990లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ సంస్థ టీఐ-81తో రంగప్రవేశం చేసింది. ఈ సంస్థ 1985లోనే బెంగుళూరులో సాంకేతిక కేంద్రం నెలకొల్పినందున కర్ణాటక తెలుగు కుటుంబాలకు దాని పేరు కొత్తది కాదు. 2017లో ఫ్రాన్సు నుండి నమ్‌వర్క్స్ అనే కొత్త యంత్రం వచ్చి ఈ పోటీలో చేరింది.

క్యాసియో, హ్యూలెట్-ప్యాకార్డ్ సంస్థల తరువాత గ్రాఫుల రంగంలోకి దిగిన టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ అమెరికా పాఠశాలలలో అగ్రస్థానానికి ఎలా చేరింది? యంత్రపు నాణ్యత ఒక్కటే కారణం కాదు. ఓహాయో స్టేట్ విశ్వవిద్యాలయపు ఆచార్యులు బెర్ట్ వెయిట్స్, ఫ్రాంక్ డెమానా 1980ల చివరలో ఉపాధ్యాయులకు శిక్షణా శిబిరాలు ఆరంభించారు. ఆ ఉద్యమం దేశమంతటా వ్యాపించడానికి ఆ సంస్థ అండగా నిలిచింది. ఉపాధ్యాయుడు ఏ యంత్రం మీద నేర్చితే తరగతిలో ఆ యంత్రం మీదనే బోధిస్తాడు. ఏ మీట నొక్కవలెనో పాఠ్యపుస్తకాలు కూడా ఆ యంత్రాన్ని బట్టే చెప్పసాగాయి. అంటే విద్యార్థి కొనేది ఒక పరికరాన్ని మాత్రమే కాదు. దానితోపాటు ఒక ఉపాధ్యాయుని అలవాటును, ఒక పుస్తకాన్ని, పక్కన కూర్చున్న సహాధ్యాయి సహాయాన్ని కూడా. బ్రాండు మార్చినప్పుడు ఇవన్నీ చేజారే ప్రమాదం ఉన్నది. వెల చీటీ మీద ఈ ఖర్చు కనిపించదు.

ఇక తూకానికి వద్దాం. మొదట తూచవలసినది పరీక్షా నిబంధన. అమెరికాలో శాట్ పరీక్ష 1994 నుండి క్యాలిక్యులేటర్లను అనుమతించింది. 1995 నుండి ఏపీ కలన గణిత పరీక్షకు గ్రాఫు గీసే యంత్రం తప్పనిసరి అయింది. నిబంధనలు యంత్రాల రూపాన్నే ఎలా శాసించాయో చెప్పడానికి ఒక ఉదాహరణ చాలు. 1995లో వచ్చిన టీఐ-92కు టైపురైటరు వంటి అక్షరాల మీటలు ఉండేవి. ఆ కారణంగానే అది ప్రధాన పరీక్షలకు అనర్హమైనది. దాదాపు అదే శక్తిని టైపురైటరు మీటలు లేని రూపంలో అమర్చి 1998లో టీఐ-89ను తెచ్చారు. లోపలి గణితం అదే, అనుమతి మాత్రం వేరు. ఇంటర్నేషనల్ బాకలారియేట్ గణిత పరీక్షలలో అక్షర బీజగణితం చేసే యంత్రాలను అనుమతించరు. టీఐ-ఎన్‌స్పైర్ క్యాస్ వంటివి ఎంత గొప్ప యంత్రాలైనా ఆ పరీక్షా మందిరపు ద్వారం వద్దనే ఆగిపోవలెను. శక్తి ఎక్కువైన కొద్దీ మేలు అనే లెక్క ఇక్కడ చెల్లదు.

శాట్ విషయంలో మరొక మార్పు గమనించదగినది. 2023లో విదేశీ కేంద్రాలలోనూ, 2024లో అమెరికాలోనూ ఆ పరీక్ష కంప్యూటరు మీదికి మారింది. డెస్మోస్ అనే గ్రాఫుల సాధనం పరీక్ష తెర మీదనే లభిస్తుంది. కేవలం ఆ పరీక్ష కోసం కొత్త యంత్రం కొనదలచిన కుటుంబం ఆ ఖర్చును నిశ్చింతగా మానుకోవచ్చును.

రెండవది మీటల తర్కం. మూడుకు నాలుగు కలిపి, వచ్చినదానిని అయిదుతో గుణించవలెననుకుందాం. క్యాసియోలోనూ టీఐలోనూ కాగితం మీద రాసినట్లే కుండలీకరణాలతో సహా టైపు చేస్తారు. హ్యూలెట్-ప్యాకార్డ్ వారి పాత యంత్రాలలో ముందు 3, ఎంటర్, 4, ఆ తర్వాత +, తర్వాత 5, చివరికి × నొక్కుతారు. సంఖ్యలు ముందు, క్రియ వెనుక. పోలెండు తర్కవేత్త యాన్ వుకాషేవిచ్ ప్రతిపాదించిన రచనా పద్ధతిని తిరగవేయగా ఏర్పడిన విధానమిది. తెలుగు వాక్యంలో కర్త, కర్మ ముందు వచ్చి క్రియ చివరికి రావడం వంటిదే ఇదీ. కుండలీకరణాల బెడద లేకపోవడం దీని సుగుణం. ఈ పద్ధతికి అలవాటు పడిన వేళ్లు మరొక పద్ధతికి మళ్లడానికి వారాలు పడుతుంది. పరీక్షలో ఒత్తిడి పెరిగినప్పుడు పాత అలవాటే ముందుకు వస్తుంది.

మూడవది మరింత సూక్ష్మమైనది. 1 ÷ 2ఎక్స్ అని, రెండుకు ఎక్స్‌కు మధ్య గుణకారపు గుర్తు లేకుండా టైపు చేస్తే యంత్రం దానిని ఎలా అర్థం చేసుకొంటుంది? ఎక్స్ విలువ 4 అనుకుందాం. టీఐ-82 ముందుగా 2ఎక్స్‌ను గుణించి, ఒకటిని ఎనిమిదితో భాగించి 0.125 ఇస్తుంది. అదే సంస్థ 1996లో తెచ్చిన టీఐ-83 ఎడమ నుండి కుడికి నడిచి, అరను నాలుగుతో గుణించి 2 ఇస్తుంది. క్యాసియో గ్రాఫు యంత్రాలు గుర్తు లేని ఈ గుణకారానికే ప్రాధాన్యమిచ్చి 0.125 వైపు నిలుస్తాయి. ఒక జవాబుకు మరొక జవాబు పదహారు రెట్లు! యంత్రం చెడిపోలేదు, గణితం మారలేదు; సంప్రదాయం మాత్రం వేరు. హారం చుట్టూ కుండలీకరణాలు వేసే అలవాటున్న విద్యార్థికి ఏ యంత్రమైనా ఒకే జవాబు చెప్తుంది. ఆ అలవాటు నల్లబల్ల దగ్గర అలవడవలసినది.

నాలుగవది తెర, దాని మీద కనిపించేదానిని నమ్మే తీరు. ఎక్స్ వర్గానికి 20 కలిపిన ప్రమేయాన్ని టీఐ యంత్రంలో ఇచ్చి, రెండు అక్షాల మీద −10 నుండి 10 వరకు ఉండే మామూలు కిటికీలో చూస్తే తెర ఖాళీగా ఉంటుంది. వక్రపు అట్టడుగు బిందువే 20 వద్ద ఉన్నందున అది కిటికీకి పైన ఎక్కడో ఉండిపోయింది. ప్రమేయపు వ్యాప్తి ఏమిటో ముందే ఆలోచించిన పిల్ల కిటికీని జరుపుకొంటుంది. ఆలోచించని పిల్ల యంత్రం పాడైందని వాపోతుంది.

ఇంతకంటే విచిత్రమైనది మరొకటి. టీఐ-83లో త్రికోణమితి కోసం ప్రత్యేకంగా అమర్చిన కిటికీ ఉన్నది. రేడియన్ల పద్ధతిలో ఆ తెర మీద ఒక నిలువు వరుసకు, పక్క వరుసకు మధ్య దూరం పైలో 24వ వంతు. ఆ కిటికీలో సైన్ 48ఎక్స్ గ్రాఫు గీయమంటే, నిరంతరం ఎగసి పడే ఆ తరంగం స్థానంలో అడ్డంగా ఒక గీత మాత్రమే కనిపిస్తుంది. యంత్రం విలువ కట్టే ప్రతి బిందువు వద్ద 48ఎక్స్ రెండు పైల గుణిజమే అవుతుంది. అక్కడ సైన్ విలువ సున్న. రెండు బిందువుల మధ్య జరిగిన ఎగుడుదిగుళ్లను యంత్రం చూడనే లేదు. కొత్త రంగుల తెరలలో చుక్కలు ఎక్కువ. టీఐ-84 ప్లస్ సీఈలో 320కి 240, క్యాసియో ఎఫ్‌ఎక్స్-సీజీ50లో 384కు 216. తెర మారితే ఈ భ్రమ వేరొక ప్రమేయం దగ్గరకు జరుగుతుందే తప్ప పూర్తిగా తొలగిపోదు. ఏ యంత్రమైనా చుక్కలు కలిపే పని చేస్తుంది. చుక్కల మధ్య ఏమున్నదో చెప్పవలసినది విద్యార్థి.

అయిదవది మూలాలను వెదికే పద్ధతి. వక్రం అడ్డు అక్షాన్ని ఎక్కడ ఖండిస్తున్నదో తెలుసుకోవడానికి టీఐ-83లో 'జీరో' అన్న మాటను ఎంచుకోవలెను. అప్పుడు యంత్రం ఎడమ హద్దు అడుగుతుంది, కుడి హద్దు అడుగుతుంది, ఆపైన ఒక అంచనా అడుగుతుంది. క్యాసియోలో 'రూట్' అన్న మాటను ఎంచుకుంటే ఎడమవైపు మూలాన్ని తానే పట్టి చూపి, బాణపు మీట నొక్కగానే తరువాతి మూలానికి వెళ్తుంది. వేగం క్యాసియోది. మూలం ఎక్కడ ఉండవచ్చునో విద్యార్థి చేత ముందుగా ఆలోచింపజేయడం టీఐది. ఏది మేలన్నది, యంత్రాన్ని సమయం కలిసిరావడానికి వాడుతున్నారా, విషయం నేర్వడానికి వాడుతున్నారా అన్నదానిని బట్టి ఉంటుంది.

ఆరవది నిర్వహణ. ఎఫ్‌ఎక్స్-సీజీ50 నాలుగు చిన్న సెల్లులతో పనిచేస్తుంది. అవి ఏ కిరాణా కొట్టులోనైనా దొరుకుతాయి. టీఐ-84 ప్లస్ సీఈ, నమ్‌వర్క్స్ యంత్రాలలో చార్జింగు పెట్టుకొనే బ్యాటరీ ఉంటుంది. పరీక్ష ముందురోజు రాత్రి చార్జింగు మరచిన ఇంట్లో ఈ తేడా పెద్దదే. ఇక ప్రోగ్రాముల సంగతి. టీఐ భాషలో రాసుకున్నది క్యాసియోలో నడవదు. 2018లో క్యాసియో, 2021లో టీఐ-84 కుటుంబం పైథాన్ భాషను చేర్చుకున్నాయి. నమ్‌వర్క్స్‌లోనూ ఆ భాష ఉన్నది. లెక్కలు చేసే చిన్న ప్రోగ్రాములు ఇప్పుడు దాదాపు యథాతథంగా ఒకదాని నుండి మరొకదానికి వెళ్తాయి. బొమ్మలు గీసే ఆదేశాలు మాత్రం ఎవరివి వారివే. కొన్న యంత్రం మీద కూడా పూర్తి స్వాతంత్య్రం కొనుగోలుదారుది కాదని గుర్తుంచుకోవలెను. టీఐ-84 ప్లస్ సీఈలో యంత్రభాషా ప్రోగ్రాములు నడిపే వీలును 2020లో కొత్త సాఫ్ట్‌వేరు ద్వారా ఆ సంస్థ తొలగించింది. పరీక్షల భద్రత అందుకు చెప్పిన కారణం.

ఇవన్నీ విన్న తర్వాత ఏ బ్రాండు మంచిదని తల్లిదండ్రులు సూటిగా అడగవచ్చు. పొరుగింటి పుల్లకూర రుచి అన్నట్లు, పక్కపిల్ల చేతిలోని యంత్రం ఎప్పుడూ మెరుగ్గానే కనిపిస్తుంది. అందుకు విరుగుడు స్వయంగా పరీక్షించి చూడడమే. మార్చదలచిన యంత్రాన్ని ఒక వారం అరువు తెచ్చుకొని, పాతదానిని పక్కన పెట్టుకొని, అయిదు లెక్కలు రెండింటి మీదా చేయవలెను. 1 ÷ 2ఎక్స్ విలువ ఒకటి. సైన్ 30 రెండవది, 0.5 రాక −0.988 వస్తే యంత్రం రేడియన్లలో ఉన్నదని, డిగ్రీలకు మార్చే చోటు వెదకవలెనని అర్థం. తెర మీద కనిపించని పరావలయాన్ని కిటికీలోకి తెచ్చుకోవడం మూడవది. రెండు వక్రాల ఖండన బిందువు నాలుగవది. పది జతల కొలతలకు సరిపడే సరళరేఖను కనుక్కోవడం అయిదవది. ఎన్ని మీటలు పట్టినవి, ఎక్కడ చేయి తడబడింది అన్నవి కాగితం మీద రాసుకోవలెను. ఆ కాగితమే సరియైన సలహాదారు.

దానికి తోడు రెండు నియమాలు. తరగతిలో ఉపాధ్యాయుడు వాడే యంత్రం వేరైతే, మార్చడానికి బలమైన కారణం ఉండవలెను. ధర తక్కువ అన్నది బలమైన కారణమే. టీఐ రంగుల యంత్రానికి వంద డాలర్లకు పైబడి పెట్టలేని కుటుంబం అంతకంటే చవకైన క్యాసియో నలుపు-తెలుపు యంత్రంతో చదువు నిక్షేపంగా సాగించవచ్చు. అయితే అది కోర్సు ఆరంభంలోనే జరగవలెను. పరీక్ష మూడు నెలలలో ఉన్నదనగా యంత్రం మార్చడం, చదవేస్తే ఉన్న మతి పోయినట్లే అవుతుంది.

ఇక కానుకల సంగతి. క్యాలిక్యులేటరుకు పరీక్షలో చోటు లేని పాఠశాలకు ఇరవై యంత్రాలు ఇవ్వడం కంటే ఒక కంప్యూటరు, ఒక ప్రొజెక్టరు, వాటి మీద ఉచితంగా లభించే సాధనాలు ఎక్కువ మేలు చేస్తాయి. 2001లో ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో మార్కుస్ హోహెన్‌వార్టర్ ఆరంభించిన జియోజెబ్రా, ఆ తరువాత దశాబ్దంలో అమెరికాలో వెలసిన డెస్మోస్ పైసా ఖర్చు లేకుండా తరగతి అంతటికీ గ్రాఫును కదిలించి చూపగలవు. యంత్రాలే ఇవ్వదలచిన దాతలు అన్నింటినీ ఒకే బ్రాండు నుండి, ఒకే నమూనా నుండి ఎంచుకోవలెను. వాటితోపాటు ఉపాధ్యాయునికి నేర్చుకొనే సమయాన్ని కూడా కానుకగా ఏర్పాటు చేయవలెను.

చివరిగా తెలుగు మాధ్యమానికే చెందిన ఒక మాట. ఈ యంత్రాల జాబితాలు ఆంగ్లంలోనో, ఐరోపా భాషలలోనో ఉంటాయి. ఒక కంపెనీ 'జీరో' అంటుంది, మరొకటి 'రూట్' అంటుంది. తెలుగులో చదివిన పిల్లకు రెండూ 'మూలం' అన్న ఒకే భావానికి పేర్లు. ఒకటి 'విండో' అంటుంది, మరొకటి 'వీ-విండో' అంటుంది. అడ్డంగా ఎంత మేర చూస్తున్నాము, నిలువుగా ఎంత మేర చూస్తున్నాము అన్నదే రెండింటి అర్థం. గణిత ఉపాధ్యాయులు ఒక పుటలో మూడు నిలువు వరుసల పట్టిక తయారు చేయవచ్చు. మొదటి వరుసలో మూలం, ఖండన బిందువు, గరిష్ఠ విలువ, అవకలనం, సమాకలనం అంటూ తెలుగు పేర్లు. రెండవ దానిలో ఒక కంపెనీ మీటలు. మూడవ దానిలో మరొక కంపెనీ మీటలు. కొత్త బ్రాండు వచ్చినప్పుడు పట్టికకు ఒక వరుస చేరుతుంది. మొదటి వరుసలో మాత్రం ఒక్క అక్షరం కూడా మార్చనక్కరలేదు.

ఆ మొదటి వరుసను విద్యార్థి మనసులో రాయడమే పాఠశాల పని. అది స్థిరంగా పడిన పిల్లలకు ఏ కంపెనీ యంత్రమైనా సేవకుడే అవుతుంది. అది పడని పిల్లలకు ఎంత వెల పెట్టి ఎన్ని యంత్రాలు మార్చినా ఫలితం ఉండదు. తెర మీద వక్రం కనిపించడానికి ముందే గ్రాఫు కాగితం మీద దాని రూపాన్ని చేతితో ఊహించి గీసే అలవాటును ఉపాధ్యాయులు విడువకుండా ఉందురు గాక.